కర్ణభేరికి చిల్లు పడితే చెవుడు వచ్చేసినట్టేనా?

విజయవాడ సూర్యారావుపేటలో డాక్టర్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న సందులో, ఒక చెవి, ముక్కు, గొంతు డాక్టరు గారి గదిలో మా అమ్మ తల పక్కకు వంచి కూర్చుంది. పెన్సిల్ కంటే సన్నటి గొట్టం, దాని చివర లైటు, కెమెరా. అది చెవిలోకి వెళ్లగానే గోడ మీది తెరలో ముందు నాలుగు వెంట్రుకలు, కాస్త పసుపుపచ్చ గులిమి, గులాబీ రంగు సొరంగం, ఆ సొరంగం చివర అడ్డంగా ఒక పొర కనిపించాయి. ఆ పొర మధ్యలో చిక్కుడుగింజ ఆకారంలో నల్లటి ఖాళీ.

"కర్ణభేరికి చిల్లమ్మా. చిన్నప్పుడు ఏళ్ల తరబడి చీము కారేదన్నారుగా, ఇది అప్పటిది" అన్నారు డాక్టరు గారు.

అమ్మ ముఖం పాలిపోయింది. "కర్ణభేరే పోయిందా నాయనా? అయితే ఇంక చెవిటిదాన్ని అయిపోయినట్టేగా?"

తోడు వచ్చిన మా చిన్న మామయ్య గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఆటోనగర్‌లో 30 ఏళ్లకు పైగా లారీ బాడీలు కట్టాడు. ఆయనకీ ఈ మధ్య మాట సరిగా అందడం లేదు. "ఎలాగూ వచ్చారు, మీరూ ఓసారి కూర్చోండి" అన్నారు డాక్టరు గారు. ఈసారి తెర మీద కనిపించిన కర్ణభేరి ఆల్చిప్ప లోపలి రంగులో నిగనిగలాడుతోంది. ఎక్కడా చిన్న గీత కూడా లేదు. "చూశావా అక్కా, నాది బ్రహ్మాండంగా ఉంది" అని నవ్వాడు మామయ్య.

గంట తర్వాత వినికిడి పరీక్ష కాగితాలు చేతికొచ్చాయి. చిల్లు పడిన అమ్మ వినికిడి ఆపరేషన్‌తో చాలావరకు తిరిగి వస్తుందన్నారు. చిల్లు లేని మామయ్య వినికిడి తిరిగి రాదన్నారు. మామయ్య ఆ మాట సరిగా వినలేదు. రెండోసారి నేను చెవి దగ్గర చెప్పాల్సి వచ్చింది.

మనలో చాలామందికి వినికిడి అంటే కర్ణభేరే. అది పగిలితే చెవుడు, అది బాగుంటే చెవి బాగున్నట్టు. ఆ రోజు మా ఇద్దరు పెద్దవాళ్లూ ఈ లెక్క తప్పని నా కళ్లముందే నిరూపించారు. ఎందుకు తప్పో తెలియాలంటే అసలు కర్ణభేరి ఏం పని చేస్తుందో, ఏ పని చేయదో రెండూ తెలియాలి.

ముందు దాని రూపం చూద్దాం. చెవి రంధ్రం నుంచి లోపలికి సుమారు 2.5 సెంటీమీటర్లు వెళ్తే కర్ణభేరి తగులుతుంది. అడ్డంగా కొలిస్తే 8 నుంచి 10 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ కంటే చిన్నది. మందం మిల్లీమీటరులో పదో వంతు. ఆ కాస్త మందంలోనే మూడు పొరలు ఉన్నాయి. బయటివైపు మామూలు చర్మం, లోపలివైపు నోట్లో ఉండేలాంటి తడి పొర, ఈ రెండింటి నడుమ గట్టి నారలు. ఆ నారల్లో కొన్ని సైకిల్ చక్రం పుల్లల్లా మధ్య నుంచి అంచుకు, మరికొన్ని గుండ్రంగా చుట్టూ అల్లుకుని ఉంటాయి. బలమంతా వాటిదే.

భేరి అనే పేరు వినగానే డప్పులా బల్లపరుపుగా ఉంటుందని అనుకుంటాం. తెర మీద చూస్తే అలా లేదు. మధ్య భాగం లోపలికి లాగినట్టు ఉండి, పొర అంతా లోతు తక్కువ గరాటు ఆకారంలో ఉంది. లోపలివైపు నుంచి ఒక ఎముక పిడి దానికి అతుక్కుని ఉండటమే కారణం. ఆ ఎముక పేరు సుత్తి. దాని వెనక దాగలి, దాని వెనక గుర్రపు జీను రికాబు ఆకారంలో ఇంకో బుల్లి ఎముక. ఈ రికాబు పొడవు దాదాపు 3 మిల్లీమీటర్లు, మనిషి ఒంట్లో ఇంతకన్నా చిన్న ఎముక లేదు. బియ్యపు గింజలో సగం అనుకోండి. ఈ మూడూ ఒకదానికొకటి కీళ్లతో కలిసి, గాలి నిండిన చిన్న గదిలో వేలాడుతుంటాయి. కర్ణభేరి కదిలితే సుత్తి, సుత్తి కదిలితే దాగలి, దాగలి కదిలితే రికాబు కదులుతాయి. రికాబు అడుగు భాగం లోపలి చెవికి ఉన్న చిన్న కిటికీలో బిగించినట్టు ఉంటుంది. కిటికీ అవతల నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన గొట్టం. అందులో ఉన్నది నీరు.

గాలిలో వచ్చిన శబ్దం ఆ నీటిలోకి దిగాలి. ఈ ఒక్క చిక్కును విప్పడానికే చెవిలో ఇంత ఏర్పాటు.

కృష్ణలో పున్నమి ఘాట్ దగ్గర మునక వేసినవాళ్లకు ఇది అనుభవమే. పైన మైకులో ప్రకటనలు, పిల్లల కేకలు, గంటలు, మంత్రాలు. తల నీళ్లలోకి వెళ్లగానే అంతా ఒక్కసారిగా తెగిపోయినట్టు అవుతుంది. శబ్దం మన దాకా రాకుండా ఎక్కడికి పోయింది? గాలి తేలిక, నీరు బరువు. గాలి అలలు నీటి పైభాగాన్ని కొట్టి, దాన్ని కదిలించలేక వెనక్కి మళ్లిపోతాయి. లెక్క వేస్తే గాలి నుంచి నీటికి తగిలిన శబ్దశక్తిలో దాదాపు 99.9 శాతం వెనక్కి పోతుంది. లోపలికి దిగేది వెయ్యిలో ఒక వంతు. మన లోపలి చెవి నీళ్లతో నిండి ఉంది కాబట్టి, గాలి నేరుగా ఆ కిటికీని తాకితే మన పరిస్థితి కూడా ఇంచుమించు అంతే.

ఈ నష్టాన్ని పూడ్చడం కర్ణభేరి పని. ఎలాగో చూడండి. కర్ణభేరిలో గట్టిగా కదిలే భాగం సుమారు 55 చదరపు మిల్లీమీటర్లు. రికాబు పాదం 3.2 చదరపు మిల్లీమీటర్లు. పెద్ద పొర మీద పడిన తోపు మొత్తం తీసుకెళ్లి 17 రెట్లు చిన్న చోట పెడుతున్నాం. మేకు తల మీద సుత్తితో కొడితే మొన దగ్గర గోడలో దిగుతుందే, అదే కిటుకు. దానికి తోడు సుత్తి ఎముక దాగలి కంటే కాస్త పొడుగు కాబట్టి, గడ్డపారతో బండ లేపినట్టు ఇంకో 1.3 రెట్ల బలం వస్తుంది. రెండూ గుణిస్తే దాదాపు 22 రెట్లు. శబ్దం ఎంత గట్టిదో చెప్పే డెసిబెల్ లెక్కలో ఇది 27 వరకు వస్తుంది. నీటి అడ్డు వల్ల పోయేది 30 డెసిబెల్ దాకా ఉంటుంది కాబట్టి, పోయినదాంట్లో చాలావరకు తిరిగి రాబట్టుకున్నట్టే. కరెంటు లేదు, బ్యాటరీ లేదు. గుండీ అంత పొర, మూడు ఎముకలు.

ఇది ఎంత సున్నితమో చెప్పడానికి ఒక సంగతి చాలు. అర్ధరాత్రి, ఫ్యాను కూడా ఆగిపోయిన గదిలో, వినీ వినిపించనంత సన్నటి చప్పుడు వినిపించినప్పుడు కర్ణభేరి ఊగేది ఒక హైడ్రోజన్ అణువు వెడల్పు కంటే తక్కువ. ఈ మాట నేను మొదట నమ్మలేదు. కానీ శాస్త్రవేత్తలు మళ్లీ మళ్లీ కొలిచి తేల్చిన విషయం ఇది.

కానీ కర్ణభేరి వినదు. అందుకున్న కదలికను అందిస్తుంది, అంతే. వినే పని నత్తగుల్ల లోపల, నీటిలో తడుస్తూ ఉండే రోమకణాలది. అవి ఒక్కో చెవిలో 15 వేల పైచిలుకు. ఒక్కో కణం తల మీద సన్నటి కేసరాలు. నీరు కదిలితే ఆ కేసరాలు వంగుతాయి, వంగితే కణం నరానికి కబురు పంపుతుంది, ఆ కబురు మెదడుకు చేరితే మనకు "అమ్మా" అన్న పిలుపు వినపడుతుంది. సన్నటి స్వరాలకు కిటికీ వైపు కణాలు, బొంగురు స్వరాలకు నత్తగుల్ల కొస వైపు కణాలు స్పందిస్తాయి. నత్తగుల్లలో ఈ అల ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే గేయార్గ్ ఫాన్ బేకేషీకి 1961లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇంక అమ్మ చిల్లు దగ్గరికి వద్దాం. కర్ణభేరి కదలాలంటే దాని బయటివైపు ఒత్తిడికి, లోపలివైపు ఒత్తిడికి తేడా ఉండాలి. చిల్లు ఉంటే బయట నుంచి వచ్చిన ఒత్తిడి ఆ సందులోంచి లోపలికి కూడా చేరి, వెనక నుంచి ఎదురు తోస్తుంది. తోపు చాలావరకు చెల్లుకు చెల్లు అవుతుంది. బొంగురు శబ్దాల అల నెమ్మదిగా ఊగుతుంది కాబట్టి కారిపోవడానికి దానికి తీరిక ఎక్కువ, అందుకే ముందు తగ్గేది అవే. చిల్లు చిన్నదైతే మనిషికి పెద్దగా తేడా తెలియకపోవచ్చు. పెద్దదైతే వినికిడి బాగా తగ్గుతుంది. అమ్మ ఎడమ చెవి 40 డెసిబెల్ దగ్గర ఉంది, అంటే అంతకంటే మెల్లటి శబ్దం ఆ చెవికి వినపడదు. మామూలు మాట ఒక మీటరు దూరంలో 60 డెసిబెల్ ఉంటుంది కాబట్టి ఎదురుగా కూర్చుని మాట్లాడితే ఆ చెవికి అందుతుంది. వంటింట్లోంచి పిలిస్తే అందదు.

1800 ప్రాంతంలో లండన్‌లో ఆస్ట్లీ కూపర్ అనే సర్జన్ ఒక కుర్రాణ్ణి పరీక్షించాడు. అతనికి ఒక చెవిలో కర్ణభేరి పూర్తిగా లేదు, రెండో దానిలో చాలా భాగం పోయింది. నోట్లో గాలి నింపి ముక్కు మూసుకుంటే ఆ గాలి చెవుల్లోంచి ఈలలా బయటికి వచ్చేది, ముందు పెట్టిన కొవ్వొత్తి మంట ఊగేది. అంత చిల్లు ఉన్నా ఆ కుర్రాడు నలుగురితో మామూలుగా మాట్లాడేవాడు. పైగా ఫ్లూటు చక్కగా వాయించేవాడు! కర్ణభేరి పోతే చెవుడే అని అప్పటి దాకా అందరూ అనుకునేవారు. ఇది రాసి పంపినందుకు కూపర్‌కు రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. రెండొందల ఏళ్ల కిందట తేలిపోయిన సంగతి మా అమ్మకు ఎవరూ చెప్పలేదు. 60 ఏళ్లు ఆ భయంతోనే గడిపింది.

దీనికంటే విచిత్రం ఇంకొకటి ఉంది. ఏదైనా దెబ్బ తగిలి లోపల ఎముకల గొలుసు తెగిపోయి, కర్ణభేరి మాత్రం చెక్కుచెదరకుండా ఉందనుకోండి. అప్పుడు నష్టం 60 డెసిబెల్ దాకా పోవచ్చు. కర్ణభేరి అసలే లేని చెవి కంటే ఇది ఎక్కువ! ఎందుకంటే వెనక గొలుసు లేని కర్ణభేరి శబ్దానికి మూసిన తలుపు లాంటిది. చిల్లు ఉంటే ఆ సందులోంచైనా కొంత గాలి కిటికీ దాకా వెళ్తుంది.

అమ్మది ఏ రకం, మామయ్యది ఏ రకం అని డాక్టరు గారికి యంత్రాలు పెట్టకముందే ఒక అంచనా వచ్చింది. ఆయన చేతిలో ఉన్నది రెండు కొమ్ముల ఇనుప ఫోర్కు, సెకనుకు 512 సార్లు ఊగేది. మోచేతికి తట్టి దాని కాడను అమ్మ చెవి వెనక ఎముక మీద ఆనించారు. తర్వాత కొమ్ములను చెవి ముందు పెట్టారు. "ఎక్కడ గట్టిగా వినపడిందమ్మా?" "ఎనకే నాయనా." మామూలు చెవికి ముందే గట్టిగా వినపడాలి, ఎందుకంటే గాలి దారి అంత సమర్థమైనది. వెనక గట్టిగా వినపడిందంటే పుర్రె ఎముక గుండా వెళ్లిన ఊపు కర్ణభేరితో పని లేకుండా నేరుగా నత్తగుల్లకు చేరింది. అక్కడ వినేవాళ్లు క్షేమంగా ఉన్నారు, దారి మాత్రమే పాడైంది. మామయ్యకు ముందే గట్టిగా వినపడింది, కానీ రెండు చోట్లా తక్కువే. ఆయనకు దారి బాగుంది, వినేవాళ్లే తగ్గిపోయారు. ముందూ వెనకా పెట్టి చూసే ఈ పరీక్షను 1855లో రినే అనే జర్మన్ డాక్టరు రాసిపెట్టాడు.

తర్వాత ఫోర్కును అమ్మ నుదుటి మధ్య పెట్టారు. శబ్దం పాడైన ఎడమ చెవిలోనే గట్టిగా వినపడిందని అమ్మ ఆశ్చర్యపోయింది. మీరూ ఇంట్లో చూడొచ్చు. ఒక చెవి వేలితో మూసుకుని, పెదాలు కలిపి "మ్..." అని రాగం తీయండి. శబ్దం మూసిన చెవి వైపే వెళ్తుంది. ఎముక గుండా వచ్చిన శబ్దం బయటికి కారిపోయే దారి మూసుకుపోయింది, బయటి గోల కూడా ఆ చెవికి అడ్డు రావడం లేదు.

కర్ణభేరి బాధల్లో ఎక్కువ భాగం దాని వెనక ఉన్న గాలి గది వల్లే వస్తాయి. దసరాకు ఇంద్రకీలాద్రి కింద డప్పులు వాయించేవాళ్లను చూడండి, నాలుగు కాగితాలో గడ్డో మంట వేసి ముందు డప్పు కాస్తారు. చెమ్మకు సాగిన చర్మం బిగుసుకునే దాకా అటూ ఇటూ తిప్పి, వేలితో మీటి వింటారు. బిగువు కుదరని డప్పు మొద్దుగా మోగుతుంది. కర్ణభేరికి కూడా సరైన బిగువు కావాలంటే రెండు వైపులా గాలి ఒత్తిడి సమానంగా ఉండాలి. అందుకోసం ఆ గది నుంచి ముక్కు వెనక భాగానికి ఒక సన్నటి గొట్టం ఉంది. పెద్దవాళ్లలో సుమారు 3.5 సెంటీమీటర్లు. మామూలుగా మూసుకుని ఉంటుంది, గుటక వేసినా ఆవులించినా ఒక్క క్షణం తెరుచుకుని కొత్త గాలి లోపలికి పంపుతుంది. 16వ శతాబ్దపు ఇటలీ వైద్యుడు యూస్టేకీ పేరు మీద దీన్ని యూస్టేకియన్ నాళం అంటారు.

విమానం గన్నవరంలో దిగేటప్పుడు చెవులు దిబ్బడ వేసేది దీనివల్లే. బయట ఒత్తిడి పెరుగుతుంటే లోపల ఇంకా పైనున్నప్పటి పలచటి గాలే ఉంటుంది, కర్ణభేరి లోపలికి నొక్కుకుపోతుంది. గుటకలు వేస్తే, చూయింగ్ గమ్ నమిలితే టప్పుమని తెరుచుకుంటుంది. పసిబిడ్డకు ఆ సమయంలో పాలు పట్టాలి. గట్టి జలుబుతో నాళం వాచిపోయి ఉన్నప్పుడు నొప్పి భరించలేనంత వస్తుంది, ఒక్కోసారి పొర చిట్లుతుంది కూడా. అలాంటప్పుడు ప్రయాణం వాయిదా వేసుకోగలిగితే అదే మంచిది.

పిల్లల్లో ఈ నాళం పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. ముక్కులోని చీమిడి, క్రిములు తేలిగ్గా చెవి దాకా పాకుతాయి. పడుకోబెట్టి సీసా పాలు పట్టొద్దని చెప్పేది కూడా ఇందుకే. లోపల చీము నిండితే కర్ణభేరి బయటికి ఉబ్బుతుంది. రాత్రంతా పిల్ల చెవి పట్టుకుని గుక్కపట్టి ఏడుస్తుంది, తెల్లవారుజామున దిండు మీద చీము మరక, పిల్ల హాయిగా నిద్ర. తల్లులు ఆ మరక చూసి హడలిపోతారు. పొర చిట్లి ఒత్తిడి దిగిపోవడం వల్లే నొప్పి తగ్గింది. డాక్టరుకు చూపించాల్సిందే, కానీ అలాంటి చిల్లు చాలావరకు కొన్ని రోజుల్లో, వారాల్లో దానంతటదే పూడుకుంటుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది నొప్పి లేని రకం. గదిలో జిగురులాంటి నీరు చేరి నిలిచిపోతుంది. జ్వరం రాదు, పిల్లాడు ఏడవడు. కర్ణభేరి వెనక నీళ్లుంటే చెమ్మ పట్టిన డప్పు లాంటిదే, ఊగదు. టీవీ సౌండ్ పెంచుతాడు, పిలిస్తే పలకడు, "ఆఁ?" అంటాడు. బళ్లో వెనక బెంచీలో కూర్చుని పాఠం సగం వింటాడు. ఇంట్లో మొండివాడు, బళ్లో మొద్దు అనే పేరు పడిపోతుంది. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. తగ్గకపోతే డాక్టర్లే కర్ణభేరికి చిన్న గాటు పెట్టి, మిరపగింజ అంత గొట్టం అందులో ఇరికిస్తారు. చిల్లు అంటే హడలిపోయే మనం ఇది గుర్తుపెట్టుకోవాలి: గాలి ఆడటం కోసం కావాలని చిల్లు పెట్టడమే ఈ వైద్యం. ఆరు నెలలకో ఏడాదికో ఆ గొట్టం దానంతటదే బయటికి వచ్చేస్తుంది.

దానంతటదే ఎలా వస్తుంది? కర్ణభేరి గురించి నేను తెలుసుకున్నవాటిలో నాకు అన్నింటికన్నా నచ్చిన సంగతి ఇదే. మన ఒంటి మీద చర్మం ఉన్నచోటే పెరిగి ఉన్నచోటే రాలిపోతుంది. కర్ణభేరి మీది చర్మం మాత్రం నడుస్తుంది. మధ్యలో మొదలై అంచుల వైపు, అక్కడి నుంచి చెవి కాలువ గోడల వెంట బయటి వైపు, రోజుకు సుమారు మిల్లీమీటరులో పదో వంతు, అంటే గోరు పెరిగే వేగంతో. పొర మీద సిరా చుక్క పెట్టి, అది వారాల్లో బయటికి జరగడం డాక్టర్లు చూశారు. ఆ నడకే దుమ్మునీ, గులిమినీ మోసుకొచ్చి చెవి గుమ్మం దగ్గర పడేస్తుంది. గులిమి మురికి కాదు, చర్మం ఎండకుండా, క్రిములు చేరకుండా కాపాడే జిడ్డు.

ఇంత చక్కగా తనంతట తాను ఊడ్చుకునే చెవిలో మనం ఇయర్ బడ్ పెట్టి, బయటికి వస్తున్న గులిమిని మళ్లీ లోపలికి దట్టిస్తున్నాం. పిన్నీసు, అగ్గిపుల్ల, చీపురుపుల్ల, బండి తాళం చెవి, చేతికి ఏది దొరికితే అది. కళ్లు సగం మూసి, హాయిగా తిప్పుతుండగా పక్కనుంచి పిల్లాడు పరిగెత్తుకొచ్చి మోచేతికి తగిలితే చాలు. చెంపదెబ్బ కూడా అంతే. అరచెయ్యి చెవి మీద పడితే కాలువలోని గాలి పిస్టన్‌లా వెళ్లి పొరను చీలుస్తుంది. పిల్లల్ని చెంప మీద కొట్టే పెద్దలు, మాస్టార్లు ఇంకా ఉన్నారు, వాళ్ల చేతులు పట్టుకుని ఆపాలనిపిస్తుంది నాకు. ఇలా తాజాగా చిరిగిన పొర చాలావరకు రెండు మూడు నెలల్లో పూడుకుంటుంది. ఈలోపు చెవిని పొడిగా ఉంచడమే మనం చేయాల్సింది. నూనె, చుక్కల మందు డాక్టరు చెప్పకుండా వేయకూడదు.

నూనె సంగతి వేరే చెప్పాలి. చెవిపోటు అనగానే వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసే ఇళ్లు మన గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఇప్పటికీ లెక్కలేనన్ని. మా అమ్మమ్మ కూడా ప్రేమతోనే పోసింది. వేడి ఎక్కువైతే పొర కాలుతుంది. పొరకు చిల్లుంటే నూనె నేరుగా గాలి గదిలోకి వెళ్తుంది. మన ఉక్కబోతకు ఆ జిడ్డు తోడైతే బూజు పట్టి దురద, నొప్పి మొదలవుతాయి. చిల్లు ఉన్నవాళ్లు స్నానంలో కూడా వాజలీను రాసిన దూది పెట్టుకోవాలి. నదిలో, కొలనులో మునకలు వద్దు.

చిల్లులన్నీ ఒకటి కావని కూడా చెప్పాలి. చీము కొంచెమే అయినా కుళ్లు వాసన వస్తుంటే, తల తిరుగుతుంటే, ముఖం ఒక పక్కకు జారితే ఒక్క రోజు కూడా ఆగొద్దు. పొర పైభాగం లోపలికి సంచిలా లాక్కుపోయి, ఆ సంచిలో చర్మం పేరుకుని చుట్టూ ఉన్న ఎముకను తినేసే జబ్బు ఒకటి ఉంది. అది మెదడు దాకా పాకగలదు.

ఇప్పుడు మామయ్య. ఆటోనగర్‌లో ఆయన షెడ్డుకు చిన్నప్పుడు సెలవుల్లో వెళ్లేవాణ్ణి. రేకు మీద సుత్తి దెబ్బలు, గ్రైండర్ కూత, పక్క షెడ్డులో ఇంజిన్ పరీక్ష. ఒక గంటకు నా చెవుల్లో హోరు మొదలయ్యేది, రాత్రికి తగ్గేది. తగ్గింది కదా అని మర్చిపోయేవాళ్లం. ఆ హోరు రోమకణాలు అలిసిపోయామని చెప్పే మాట. 85 డెసిబెల్ శబ్దంలో రోజుకు 8 గంటలు హద్దు అంటారు. 3 డెసిబెల్ పెరిగిన కొద్దీ ఆ గంటలు సగానికి పడిపోతాయి. రేకు కొట్టే చోట ఆ హద్దు ఎప్పుడో దాటిపోతుంది.

పెద్ద శబ్దం వస్తే చెవి చేతులు ముడుచుకుని కూర్చోదు. రికాబుకు కట్టిన చిన్న కండరం బిగుసుకుని గొలుసును బిర్రుగా పట్టుకుంటుంది, లోపలికి వెళ్లే ఊపు కొంత తగ్గుతుంది. కానీ ఆ కండరం పూర్తిగా బిగుసుకోవడానికి సెకనులో పదో వంతు వరకు పట్టవచ్చు. సుత్తి దెబ్బ గానీ, దీపావళి లక్ష్మీబాంబు గానీ ఈలోపే లోపలికి వెళ్లిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న కర్ణభేరి తన పని తాను నిజాయితీగా చేసి, ఆ దెబ్బనంతా 22 రెట్ల బలంతో రోమకణాల మీదకు పంపుతుంది. అవి వంగి వంగి విరిగిపోతాయి. కోడిలో, చేపలో ఇవి మళ్లీ మొలుస్తాయి. మనిషిలో మొలవవు.

మామయ్య కాగితం మీద గీత 4000 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 4000 సార్లు ఊగే సన్నటి స్వరం దగ్గర, గుంటలా దిగి ఉంది. శబ్దం వల్ల వచ్చిన చెవుడుకు అది సంతకం. చెవి కాలువ దాని పొడవును బట్టి 3000 హెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దాలను ఎక్కువ చేసి పంపుతుంది కాబట్టి ఆ పై స్వరాలను పట్టే కణాలకు దెబ్బ ముందు తగులుతుంది. మన మాటలో స, ష, త లాంటి హల్లుల పదును చాలావరకు ఆ ఎత్తు స్వరాల్లోనే ఉంటుంది. అచ్చులు కింద ఉంటాయి. అందుకే మామయ్య "వినపడుతోంది రా, అర్థం కావట్లేదు" అంటాడు. మేం గట్టిగా అరుస్తాం. అరిస్తే అచ్చులే పెరుగుతాయి. ఎదురుగా నిలబడి, పెదాలు కనపడేలా, నిదానంగా చెప్తే ఆయనకు అందుతుందని మాకు ఆలస్యంగా తెలిసింది.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే, దాన్ని కొరకడం మీ తాతల తరం కూడా కాదన్నాడని మనకో సామెత. ఆ సామెత చెప్పుకుని నవ్వేటప్పుడు ఆ మనిషికి దారి మూసుకుందా, వినేవాళ్లు పోయారా అని ఎవరం అడగం. మామయ్యకు వినికిడి మిషన్ పెట్టించాం. మొదటి వారం గిన్నెల చప్పుడు చిరాకు పెడుతోందని తీసి జేబులో వేసుకున్నాడు. రోజుకు గంట, రెండు గంటలు అని పెంచుకుంటూ వెళ్తే మెదడుకు అలవాటవుతుందని డాక్టరు గారు చెప్పాక ఇప్పుడు ఉదయం నుంచి రాత్రి దాకా పెట్టుకుంటున్నాడు. షెడ్డులో ఇప్పుడు పని చేస్తున్న అబ్బాయిలకు చెవిలో పెట్టుకునే నురుగు బిళ్లలు కూడా కొనిపెట్టాడు.

అమ్మకు చెవి పైన కణత కండరం మీదుండే పల్చటి పొర కొంచెం తీసి, చిల్లు కింద పరిచి అతికించారు. చిల్లు అంచులను కాస్త గీకి కొత్తగా చేస్తారు, అక్కడి నుంచి చర్మం నడిచొచ్చి ఆ పొరను ఆసరాగా చేసుకుని కప్పేస్తుంది. నాలుగు వారాలు ముక్కు గట్టిగా చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. ఆ రోజుల్లో అమ్మకు ఇంకో బెంగ పట్టుకుంది: గోంగూర పచ్చడి నాలుకకు ఒక పక్క ఇనుము రుచి తగులుతోందని. నాలుక ముందు భాగం నుంచి రుచిని మోసుకెళ్లే నరం సరిగ్గా కర్ణభేరి వెనక నుంచే అడ్డంగా వెళ్తుంది. ఆపరేషన్‌లో అది కాస్త కదిలితే ఇలా అవుతుంది, రెండు నెలల్లో మామూలైంది.

మూడో నెలలో మళ్లీ అదే గది, అదే తెర. చిక్కుడుగింజ ఆకారపు నలుపు ఉన్నచోట లేత గులాబీ రంగు పొర, దాని మీద దారాల్లాంటి రక్తనాళాలు. డాక్టరు గారు ఫోర్కు మోచేతికి తట్టి ముందు చెవి వెనక ఆనించి, తర్వాత చెవి ముందు పెట్టారు. అడగకముందే అమ్మ చెయ్యెత్తింది.

"ఈసారి ముందే నాయనా."